గోదాముల దగ్గర దిగేవాళ్ళు

ప్రియమైన టికెట్ల బావకు,

నా పాత కొట్టులో పై అరలు అందుకోవడానికి ఒక స్టూలు ఉండేది. దానికి ఒక కాలు పొట్టి. ఇరవై ఏళ్ళ కిందట నువ్వు రైలు కంపెనీ తరఫున వచ్చి, ఆ స్టూలెక్కి మా వీధి మొత్తానికి ఒక మాట ఇచ్చావు. "రైలు కోసం మీరు ఇళ్ళు వదులుకుంటున్నారు. అందుకని చెబుతున్నా. చివరి స్టేషనుకని వేరే రేటు ఉండదు. అది ఎయిర్‌పోర్టు కానీ, కూరగాయల మార్కెట్టు కానీ, ఎంత దూరమో అంతే చార్జీ. ఇది నా మాట." నువ్వు పడిపోకుండా ఆ స్టూలు పట్టుకున్నవాణ్ణి నేను. నువ్వు దిగాక ముందుగా చప్పట్లు కొట్టినవాణ్ణి కూడా నేనే. ఇన్నేళ్ళలో నేను చేసిన పనులన్నిటిలో ఆ చప్పట్లకే ఎక్కువ సిగ్గుపడతాను.

ఆ మాట ఏమైందో నీకు చెప్పనక్కర్లేదు. నువ్వు ఆ రైలు కంపెనీ చార్జీల విభాగంలోనే పెద్ద కుర్చీ ఎక్కి, అక్కడే రిటైరయ్యావు. గోదాముల స్టేషను దాకా దూరాన్ని బట్టి చార్జీ. దాని తరవాతిది ఒక్కటే స్టేషను, ఎయిర్‌పోర్టు. అక్కడ గేటు దాటాలంటే మాత్రం, దిగినా ఎక్కినా, అప్పటిదాకా అయినదానికి నాలుగింతలు గుంజుతారు. జనం దాన్ని గేటు చార్జీ అంటారు. మీరు కాగితాల మీద ఏదో మర్యాదైన పేరు పెట్టుకున్నారు. నాకు గుర్తులేదు, గుర్తుపెట్టుకోవాలనీ లేదు.

అందుకని ఎయిర్‌పోర్టులో ఊడ్చేవాళ్ళు, మోసేవాళ్ళు, కడిగేవాళ్ళు అందరూ గోదాముల దగ్గర దిగిపోతారు. అక్కణ్ణుంచి లారీల రోడ్డు పట్టుకుని నడుస్తారు. మా ఇంటావిడ అలాగే నడిచేది. అయిదేళ్ళ కిందట ఒక గోదాములోంచి వెనక్కి వస్తున్న లారీ ఆవిణ్ణి చూసుకోలేదు. ఆ రోజు నువ్వు వచ్చావు. వాకిట్లో చెప్పులు విడిచి, లోపలికి రాకుండానే మళ్ళీ తొడుక్కుని వెళ్ళిపోయావు. నేను చూశాను.

ఇప్పుడు నా కూతురు అదే పనిలో ఉంది. జనం దిగిపోయాక విమానం లోపల సీట్లు శుభ్రం చేసే పని. అదీ గోదాముల దగ్గరే దిగుతోంది. అదే రోడ్డు మీద నడుస్తోంది.

అసలు సంగతికి వస్తాను. పనివాళ్ళ సంఘం గేటు చార్జీ మీద కేసు వేసింది. విచారణాధికారి ఒకావిడ. నెమ్మదిగా మాట్లాడుతుంది, చెప్పేది వింటుంది. మా వీధివాళ్ళు ఆ మాట నమ్మే స్థలం ఇచ్చారని రుజువైతే, అక్కణ్ణుంచి లేచిపోయిన కుటుంబాలన్నిటికీ గేటు చార్జీ ఎత్తేయవచ్చునని ఆవిడ అన్నది. కాగితం ముక్క లేదు. వీధి పెద్దగా ఉన్న టైలరు పోయాడు. ఇక మిగిలింది మాట ఇచ్చినవాడు, అంటే నువ్వు. వచ్చి, "అవును, అన్నాను" అని చెప్పు. అంతకన్నా నిన్నేమీ అడగను.

ఫోను చేయకుండా ఉత్తరమెందుకంటావేమో. ఫోనులో మాట నాకిప్పుడు సరిగ్గా వినిపించదు. పైగా ఫోనయితే నువ్వు మధ్యలో పెట్టేస్తావు.

చెల్లెలికి నా ఆశీస్సులు.

కోపం తగ్గని
నీ పుస్తకాల బావ

*

ప్రియమైన పుస్తకాల బావకు,

నీ ఉత్తరం చేరింది. మీ చెల్లెలు పైకి చదవమంది. చదివాను, కొన్ని చోట్ల దగ్గాను. "మా అన్నయ్య గొంతు ఏమీ తగ్గలేదు" అని సంతోషపడింది. అందులో సంతోషపడటానికి ఏముందో నాకర్థం కాలేదు.

నా మోకాళ్ళు బాగాలేవు. ఇక్కణ్ణుంచి అక్కడికి ఒక పూట ప్రయాణం. ఇదంతా సాకని నువ్వెలాగూ అంటావు కాబట్టి ముందే ఒప్పుకుంటున్నా, సాకే.

గేటు చార్జీని నువ్వు దోపిడీ అంటావు. నేను ఆ లెక్కల మధ్య బతికినవాణ్ణి. చివరి స్టేషను భూమి లోపల ఉంది. దాన్ని తవ్వడానికి అయిన ఖర్చుతో మిగతా లైనంతా మళ్ళీ ఒకసారి వేయవచ్చు. ఆ ఖర్చు ఎవరి నెత్తిన వేయాలి? అందరి టికెట్ల మీదా సమానంగా వేస్తే, ఆసుపత్రికి పోయే ముసలావిడ సూట్‌కేసు లాక్కుంటూ పోయేవాడి ప్రయాణానికి డబ్బు కట్టినట్టవుతుంది. ఆవిడ ఏనాడూ విమానం మొహం చూడదు. అది న్యాయమా? విమానం టికెట్టు కొనగలిగినవాడు రైలుకు నాలుగింతలిస్తే ఏం పోయిందని నేనే బల్ల గుద్ది వాదించాను. అది తప్పని ఇప్పటికీ నాకనిపించదు. పనివాళ్ళకు పాసులివ్వాలని కూడా రాసి పంపాను. ఎయిర్‌పోర్టువాళ్ళు సొంత ఉద్యోగులకు ఇప్పించుకున్నారు. కాంట్రాక్టువాళ్ళు మా మనుషులు కారన్నారు. కాంట్రాక్టరునడిగితే, అసలు తనకు మనుషులే లేరన్నాడు.

ఇక స్టూలు సంగతి. ఎక్కాను, అన్నాను, కాదనను. కానీ బావా, విచారణలో నిలబెట్టి ప్రమాణం చేయించాక ఆ ఒక్క ముక్క చెప్పి దిగిపోనివ్వరు. "తరవాతేమైంది" అని అడుగుతారు. తరవాత జరిగింది కూడా చెప్పాల్సి వస్తుంది. అది నీకు బాగుండదు. నన్ను వదిలెయ్. రానందుకు పిరికివాడినని పేరొస్తే రానీ. నీ దగ్గర నాకు ఆ పేరు ఎలాగూ ఉంది.

మేనకోడలికి చెప్పు, ఆ రోడ్డులో ఎడమపక్క గోడవారగా నడవమని. గోదాముల గేట్లన్నీ కుడిపక్కన ఉన్నాయి.

మీ చెల్లెలు కింద రెండు వాక్యాలు రాస్తానంది. కళ్ళజోడు కనపడక మానేసింది.

నీ మంచి కోరే
టికెట్ల బావ

*

ప్రియమైన టికెట్ల బావకు,

నీ వాదన రెండుసార్లు చదివాను. బాగుంది. మంచి బట్టలు తొడిగి పెళ్ళిచూపులకు తీసుకొచ్చినట్టుంది. ఇప్పుడు నా మాట విను.

సూట్‌కేసువాడు ఏడాదికి ఒకటి రెండు సార్లు ఆ గేటు దాటుతాడు. వాడు సీటు కింద రాల్చిన బిస్కెట్టు ముక్కలు ఏరే మనిషి రోజూ వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి దాటాలి. ఇద్దరికీ ఒకటే గేటు, ఒకటే రేటు కాబట్టి సమానమే కదా అని మీరు చేతులు దులుపుకున్నారు. ముసలావిడ డబ్బుతో సూట్‌కేసువాణ్ణి మోయకూడదన్నావు, ఒప్పుకున్నాను. ఊడ్చేదాని డబ్బుతో మీ సొరంగాన్ని మోయవచ్చా? చార్జీ అంటే దూరానికి కట్టే ధర. మీరు వేసింది అవసరానికి ధర. అవతలివాడు రాకుండా ఉండలేడని తెలుసుకుని వేసిన ధర. నేను నలభై ఏళ్ళు పాత పుస్తకాలు అమ్మాను. పరీక్ష ముందురోజు పిల్లాడొచ్చి అడిగినా అట్ట మీద రాసిన రేటే తీసుకున్నాను.

మొన్న నేనూ అమ్మాయితో కలిసి వెళ్ళాను. నువ్వు ఆ రైలు చార్జీ ఎన్నిసార్లు మార్చావో కానీ, ఆ రైలెక్కి వాళ్ళతో ఎప్పుడూ వెళ్ళి ఉండవు. గోదాముల దాకా నిలబడటానికి చోటుండదు. అక్కడ తలుపులు తెరుచుకోగానే పెట్టె ఖాళీ. మిగిలేది సూట్‌కేసులూ వాటి యజమానులూ. దిగినవాళ్ళు ప్లాట్‌ఫారం చివర కూర్చుని మంచి చెప్పులు సంచిలో పెట్టుకుని పాతవి తొడుక్కుంటారు. ఒకావిడ నన్ను చూసి, "పెద్దాయన కూడా డ్యూటీలో చేరారా" అని అడిగింది. మా అమ్మాయి, "లేదక్కా, నాన్నను నడవమని డాక్టరు చెప్పాడు" అంది. "మాకూ వాడే డాక్టరు" అందావిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నువ్వు చెప్పిన ఎడమపక్క గోడవార ఇప్పుడు దారి లేదు. పోయినేడు అక్కడ పెద్ద పైపులు పరిచి, ఎవరూ తొక్కకుండా ఇనప కంచె కట్టారు. ఇప్పుడు గేట్ల పక్కనుంచే నడవాలి. అమ్మాయి నాకు పాఠం చెప్పింది.

"వెనక తెల్ల లైటు వెలిగితే లారీ వెనక్కి వస్తుందని నాన్నా. అప్పుడు ఆగిపోవాలి."

"లైటు పాడైపోయిన లారీ అయితే?"

"దాని గురించి ఆలోచిస్తే ఉద్యోగం చెయ్యలేం."

వాళ్ళమ్మ పోయిన గేటు ఏదో నాకు ఇన్నాళ్ళూ తెలియదు, అడగలేదు. ఒక గేటు దగ్గర అమ్మాయి నాకు అటుపక్కకు వచ్చి, నా చెయ్యి పట్టుకుని, మాట ఆపకుండా ముందుకు నడిపించుకుపోయింది. అప్పుడు తెలిసింది.

"నీకు బాగుండదు" అని నన్ను బెదిరించావు. బావా, నేను చదివినన్ని పుస్తకాలు నువ్వు అటకమీద పెట్టడానికి కూడా ఎత్తి ఉండవు. నిజం వింటే నాకేమీ కాదు. మీ కంపెనీ ముందు తలవంచనివాణ్ణి. వీధి కూల్చినప్పుడు, కొట్లు పోయినవాళ్ళకు కొత్త బజారులో గదులు ఇచ్చారే, అది ఎవరి వల్ల? నా అర్జీ వల్ల. రాత్రింబవళ్ళు కూర్చుని, ఎక్కడెక్కడి గ్రంథాల్లోంచో న్యాయసూత్రాలు ఎత్తి రాశాను. నెల తిరగకుండా గదులు మంజూరయ్యాయి. ఆ అర్జీ నకలు ఇప్పటికీ నా కొట్లో అద్దం కింద ఉంది. అప్పుడు గెలిచినవాణ్ణి ఇప్పుడూ గెలుస్తాను.

మా లాయరమ్మకు నీ అడ్రసు ఇచ్చాను. తాఖీదు వస్తుంది.

నీ పుస్తకాల బావ

*

ప్రియమైన బావకు,

తాఖీదు అందింది. వస్తాను. మీ ఇంట్లో దిగను, అన్యథా భావించకు. అక్కడ నా మొహం చూడటం నీకూ కష్టం, మీ ఇంట్లో గోడకున్న ఫోటో చూడటం నాకూ కష్టం.

ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ఒక్కటి అడుగుతాను. సాక్షుల్లోంచి నా పేరు తీసేయించు. కేసులో ఆ మాటను పట్టుకోకండి. ఆ రోడ్డును పట్టుకోండి. కంచె తీయించమనండి, కాలిదారి వేయించమనండి, గోదాముల గేట్ల దగ్గర మనుషుల్ని పెట్టించమనండి. అలాంటివి అడిగితే ఇస్తారు. నేను అవతలిపక్క కూర్చున్నవాణ్ణి, ఏది ఇస్తారో ఏది ఇవ్వరో నాకు తెలుసు. మాట నిలబెట్టమంటే మాత్రం తవ్వుతారు.

ఎందుకని నన్నడక్కు. మీ చెల్లెలికి కూడా ఇది తెలియదు.

టికెట్ల బావ

*

టికెట్ల బావకు,

పైన ఒక మాట తగ్గిందని గమనించే ఉంటావు. ఇక మీదట అది ఉండదు.

విచారణ గదిలో జరిగింది నీకు తెలిసిందే అయినా రాస్తున్నాను. నీ మొహం నీకు కనిపించదు కదా, నాకు కనిపించింది.

కంపెనీ లాయరు లేచి, "మాట ఇచ్చారా" అని అడిగాడు. "ఇచ్చాను" అన్నావు. మా వరసలో కుర్చీలు కదిలాయి. ఎవరో నా భుజం తట్టారు. ఆ ఒక్క క్షణం నిన్ను క్షమించేశాను బావా. అది కూడా నువ్వు నాకు తిరిగివ్వాల్సిన బాకీ అనుకో.

"తరవాత?" అన్నాడు లాయరు.

"తరవాత వీధివాళ్ళే దాన్ని వదులుకున్నారు."

కంపెనీ రెంటిలో ఒకటే ఇస్తానందట. ఎయిర్‌పోర్టుకు మామూలు చార్జీయే ఉంటుందని రాసిస్తుంది, లేదా కొట్లు పోయినవాళ్ళకు కొత్త బజారులో గదులిస్తుంది. ఏది కావాలో తేల్చుకోమందట. ఇంటికొకరు టైలరు కొట్లో కూర్చుని గదులు కోరుకున్నారట. ఎంత తీరిగ్గా చెప్పావు. చాకలి వాళ్ళమ్మ ఎక్కడ కూర్చుందో, గడియారాలాయన తమ్ముడు ఏమన్నాడో, రొట్టెల కొట్టు ముసలాయన ఎందుకు కోప్పడ్డాడో, ఒక్కో ఇంటి పేరూ చెప్పుకుంటూ వచ్చావు.

నేను లేచి, "అబద్ధం" అన్నాను. అధికారి నన్ను కూర్చోమనలేదు. "ఆ రోజు మీరు అక్కడున్నారా" అని అడిగింది. లేనన్నాను. పొరుగూళ్ళో ఒక లెక్చరరు చనిపోతే ఆయన పుస్తకాలు కొనడానికి వెళ్ళానన్నాను. "మీ ఇంటి నుంచి ఎవరు వెళ్ళారు?" "ఎవరూ వెళ్ళలేదు." ఆవిడ నీవైపు తిరిగింది. నువ్వు నన్ను చూశావు. కళ్ళజోడు తీసి తుడిచావు. "గుర్తు లేదు" అన్నావు.

వీధి వీధంతా గుర్తుంది, నా ఇల్లొక్కటే గుర్తు లేదు. అక్కడే దొరికిపోయావు. ఇదంతా కంపెనీ నీకు నేర్పించి పంపిన పాఠం. గదులు నా అర్జీ వల్ల వచ్చాయి. ఇది నేను ఊరికే అనుకునేది కాదు, ఊరందరికీ తెలిసిన సంగతి. మా ఇంటావిడ ఉంటే నీ మొహం మీదే చెప్పేది.

తీర్పు తరవాత చెబుతామన్నారు. అమ్మాయీ నేనూ రైల్లో తిరిగొచ్చాం. మా స్టేషను వచ్చినా, గోదాముల దాకా పోవాలన్నట్టు అది కూర్చునే ఉంది. ఇవాళ డ్యూటీ లేదని గుర్తొచ్చి లేచింది.

ఎంతిచ్చారు?

పుస్తకాల కొట్టువాడు

*

ప్రియమైన బావకు,

ఏమీ ఇవ్వలేదు. ప్రయాణం ఖర్చుకు కూడా సంతకం పెట్టకుండా వచ్చేశాను.

ఆ గదిలో నేను ఒక్కటే అబద్ధం చెప్పాను. నువ్వు పట్టుకున్నది దాన్నే. కానీ పట్టుకుని తలకిందులుగా చూశావు. మీ ఇల్లు నాకు గుర్తుంది. మీ ఇంటి నుంచి మా చెల్లెమ్మ, మీ ఇంటావిడే, వచ్చింది.

అందరికన్నా చివర వచ్చింది. బట్టలుతుకుతూ మధ్యలో లేచి వచ్చినట్టుంది, మోచేతుల దాకా సబ్బు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది. అప్పటికి వీధి రెండుగా చీలిపోయి ఉంది. కొట్లున్నవాళ్ళు గదులన్నారు, లేనివాళ్ళు మామూలు చార్జీ అన్నారు. రెండు పక్కలా తలలు సమానం. టైలరు, "అమ్మా, ఇక మీ ఇంటి మాటే మిగిలింది" అన్నాడు.

ఆవిడ నావైపు చూసింది. "అన్నయ్యా, ఆ ఎయిర్‌పోర్టు ఎప్పటికి వస్తుంది?"

"నాలుగైదేళ్ళు పట్టొచ్చమ్మా."

"వచ్చాక మనలో అక్కడికి వెళ్ళేదెవరు?"

ఎవరో వెనకనుంచి, "టైలరు వెళ్తాడు, విమానానికి ప్యాంటు కుట్టడానికి" అన్నారు. కొట్టు కొట్టంతా నవ్వింది. చెల్లెమ్మా నవ్వింది. చార్జీ కావాలని అప్పటిదాకా అరిచినవాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. నిజమే కదా అనిపించింది. మనమెవరం, విమానాలెవరు.

"కొట్టు లేకుండా ఈయన ఉండలేరు. నెలలో మంచం పట్టేస్తారు. గదులే అడగండి" అని చెప్పి వెళ్ళిపోయింది. రెండడుగులు వేసి మళ్ళీ వచ్చి నన్ను పక్కకు పిలిచింది. "ఆయన అర్జీ రాశారు కదా, గదులు దానివల్లే వచ్చాయనుకోనివ్వండి. ఇలా వచ్చిందని తెలిస్తే ఆ గదిలో కాలు పెట్టరు. మీరెప్పుడూ చెప్పకూడదు." సరేనన్నాను. టైలరు చేత వీధివాళ్ళందరి దగ్గరా అదే మాట తీసుకున్నాను. స్టూలెక్కి ఇచ్చిన మాట పోయింది కానీ, కింద నిలబడి ఇచ్చిన ఈ మాట మొన్నటిదాకా నిలబెట్టుకున్నాను.

నీ అర్జీ నా బల్ల మీదికే వచ్చింది. చాలా బాగుంది. నేను తప్ప ఎవరూ చదవలేదు.

ఆ తరవాత ఏమైందో నీకు తెలుసు. కొత్త బజారు మేడ మీద గదికి జనం ఎక్కి రాలేదు. చాకలి మూసేశాడు, గడియారాలాయన మూసేశాడు. మనలో ఎవరూ వెళ్ళమని నవ్వుకున్న చోటే అందరికీ పని దొరికింది. చెల్లెమ్మకు కూడా. ఒకసారి గోదాముల స్టేషను బయట ఆవిడ కోసం నిలబడ్డాను. నా పరపతితో పాసు ఇప్పిస్తానన్నాను. "ఒకసారి ఇచ్చేసినదాన్ని మళ్ళీ చేయి చాచి అడగను అన్నయ్యా" అంది. నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చి, ఎండగా ఉంది తాగండి అని చెప్పి, గోడవారగా వెళ్ళిపోయింది. గేట్లు ఎటుపక్క ఉన్నాయో నాకు అలా తెలుసు.

చార్జీ న్యాయమా కాదా అని ఎన్ని సమావేశాల్లో వాదించానో. ప్రతిసారీ నా కళ్ళ ముందు సూట్‌కేసువాడే ఉన్నాడు. వాడి వెనక చీపురు పట్టుకుని ఎవరొస్తున్నారో నాకు తట్టలేదు. ఆ రోజు టైలరు కొట్లో ఎవరికీ తట్టలేదు.

నన్ను తిట్టు. అలవాటైంది.

నీ టికెట్ల బావ

*

ప్రియమైన టికెట్ల బావకు,

ఆ మాట మళ్ళీ పెట్టాను. ఎక్కువ అర్థాలు తీయకు. అలవాటు.

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది. రెండు మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఈలోగా తీర్పు వచ్చింది. మాట ఇచ్చింది నిజమేనట. దానికి బదులు గదులు తీసుకోవడమూ నిజమేనట. కాబట్టి గేటు చార్జీ ఉంటుంది. లారీల రోడ్డు ప్రమాదమని అధికారికి తెలుసునట, కానీ దాని గురించి కేసులో ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి చెప్పడానికేమీ లేదట. నువ్వు అడగమన్నావు. నేను ఆ ఉత్తరం లాయరమ్మకు చూపించలేదు.

నీకొక్కటి చెప్పాలి. కొట్టు పడగొట్టినప్పుడు గది ఇవ్వడం మీ ధర్మం. ఇల్లు పడగొట్టి రైలు వేసినప్పుడు ఆ రైల్లో అందరిలాగా తిరగనివ్వడమూ మీ ధర్మం. మాకు రావాల్సిన రెంటినీ మీరు తక్కెడలో చెరోవైపు పెట్టి, ఏది వదులుకుంటారో మీరే చెప్పండని టైలరు కొట్లోకి తోశారు. తోసి, వాళ్ళే కోరుకున్నారని ప్రమాణం చేసి చెప్పారు. దాన్ని బేరమంటారు, న్యాయమనరు. నీ చార్జీల పుస్తకాలన్నిటికీ నా జవాబు ఇది. ఇక దాని జోలికి రాను.

గది ఖాళీ చేశాను. పుస్తకాలు తూకానికి ఇచ్చేశాను. తీసుకెళ్ళినవాడు అద్దం కింద అర్జీని చూసి, "ఇది కూడానా" అని అడిగాడు. అద్దం ఉంచుకుని అది ఇచ్చాను. గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసేవాడున్నాడు. అద్దె వస్తోంది. దాంతో రోజూ ఎయిర్‌పోర్టు గేటులోంచే వెళ్ళి రమ్మని అమ్మాయితో చెప్పాను. మొదట వద్దంది, తరవాత సరేనంది. కొన్నాళ్ళు వెళ్ళింది. సాయంత్రం పెందలాడే ఇంటికొచ్చేది. నేను ప్రాణానికి హాయిగా పడుకున్నాను.

మొన్న వాకిట్లో దాని చెప్పులు చూశాను. మడమల దాకా బురద.

"గోదాముల దగ్గర దిగుతున్నావా?"

"ఊఁ."

"డబ్బు చాలలేదా?"

"డబ్బుంది నాన్నా. ఇదిగో, అలాగే ఉంది." తీసి బల్ల మీద పెట్టింది. "సొరంగంలో దూరేదాకా రైలు ఆ రోడ్డు పక్కనుంచే పోతుంది. అద్దంలోంచి వాళ్ళందరూ నడుస్తూ కనిపిస్తారు. చేతులూపుతారు కూడా. నేనొక్కదాన్నే సూట్‌కేసుల మధ్య కూర్చుని ఊపలేను."

"లారీ కూడా చేయి ఊపుతుందా?" అన్నాను. అనకూడని మాట. అది లోపలికి వెళ్ళి అన్నం వడ్డించింది.

ఇక నువ్వు అడిగినది. నిన్ను తిట్టడం మానేశాను. మంచితనంతో కాదు. నువ్వు చేసినవన్నీ నీ కుర్చీలో కూర్చున్న ఎవరైనా చేసేవే. కంపెనీ కంపెనీలాగే ఉంది. లారీవాడికి లైటు పాడైంది. వీళ్ళెవరూ నాకేమీ కారు. నాకేమీ కానివాళ్ళను తప్పుపడితే నాకు ఒరిగేదేముంది?

కానీ బావా, ఇంటికొచ్చిన ప్రతివాడికీ నేను ఆ అర్జీ పైకి చదివి వినిపిస్తుంటే, పక్కన నిలబడి టీ అందించిన మనిషి ఉంది. లారీల రోడ్డంతా నడిచొచ్చి, వాకిట్లో చెప్పులు కడుక్కుని, "ఇవాళ కొట్టుకు ఎవరైనా వచ్చారా" అని అడిగిన మనిషి ఉంది. ఎవరూ రాలేదని చెప్పడం నచ్చక, వచ్చారని చెప్పేవాణ్ణి. నమ్మినట్టు తలూపేది. ఒక్కరోజు, ఒక్క మాట చెప్పి ఉంటే ఆ గదికి అప్పుడే తాళం వేసేవాణ్ణి. ఇవాళ వేశాను కదా, మంచం పట్టానా? అప్పుడూ వేసేవాణ్ణి. ఆ సంగతి నన్ను అడగనైనా అడగలేదు. కొట్టు లేకపోతే చచ్చిపోయే మనిషినని తనే తేల్చేసుకుని, నా బదులు తను ఆ రోడ్డు పట్టుకుంది. ఇప్పుడు కూతురికి కూడా ఆ నడక ఇచ్చిపోయింది.

అందరినీ వదిలేశాను. నేనింకా తప్పుపట్టేది నా భార్యనే.

నీ బావ